ఏ కూరకి ఏ పులుపు?

తెలుగు భోజనం అనగానే బయటివాళ్లు కారం అంటారు. మనవాళ్లూ అదేదో గొప్పగా చెప్పుకుంటారు. హైవే హోటళ్లు బోర్డు మీద ఎర్ర మిరపకాయ బొమ్మ వేసుకుంటాయి, బెంగళూరులో అయితే మెనూలో 'ఆంధ్ర స్టైల్' అని ఉంటే ఇంకో నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువ పడ్డాయని అర్థం. నాకు ఈ మాట ఎప్పుడూ మింగుడుపడదు. మన వంటలో కారం ఎంతున్నా వంట నిలబడేది పులుపు మీద. పెళ్లి విస్తరిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి: పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, కందా బచ్చలి, గోంగూర పచ్చడి, ఆవకాయ, దప్పళం, చారు, మజ్జిగ పులుసు, చివర్న పెరుగు. వీటన్నిట్లోంచి మిరపకాయ తీసేసి మిరియం వేసినా రుచి మారుతుందే తప్ప పులిహోర పులిహోరగానే ఉంటుంది, చారు చారుగానే ఉంటుంది. అదే పులుపు తీసేస్తే ఆ విస్తట్లో మిగిలేది అన్నం, నెయ్యి, బూరె, అప్పడం.

మిరపకాయ లేని రోజులు నిజంగానే ఉండేవి. అది అమెరికా ఖండాల మొక్క, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన పడమటి తీరానికి చేరింది. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వర్ణిస్తాడు. అక్కడి విస్తట్లో మిరియపు పొడి చల్లిన కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు ఉన్నాయి, మిరపకాయ ఊసు లేదు. అంటే మనం 'అసలు సిసలు' అనుకునే గుంటూరు కారం వయసు అయిదు వందల ఏళ్ల లోపే. చింతచెట్టు కూడా మొదట ఆఫ్రికాదే అనుకోండి, కానీ అది వచ్చి ఎంత కాలమయిందంటే చింతపల్లి, చింతలపూడి, చింతలవలస అని ఊళ్ల పేర్లలోకి ఎక్కి కూర్చుంది.

అసలు చిక్కు ఏమిటంటే, పులుపు అంటే ఒకటే రుచి అనుకుంటాం, వంటింట్లో మాత్రం ఒక్కో పులుపుది ఒక్కో నడక. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో, పచ్చి మామిడికాయలో ప్రధానంగా సిట్రిక్ ఆమ్లం, చుక్కకూరలో ఆక్సాలిక్ ఆమ్లం, మజ్జిగలో, పెరుగులో లాక్టిక్ ఆమ్లం. ఈ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు గానీ ఏది ఎంతసేపు మంట మీద నిలుస్తుంది, ఏది దేనితో పొసుగుతుంది అన్న లెక్క మాత్రం తెలియాలి. మన అమ్మమ్మలకి ఆ లెక్క చేతుల్లో ఉండేది. మనకి యూట్యూబ్‌లో దొరికేది 'రుచికి తగినంత చింతపండు రసం' అన్న ఒక్క ముక్క, అది ఎప్పుడు పోయాలో, ఎందుకు పోయాలో ఎవరూ చెప్పరు.

చింతపండుతో మొదలుపెడదాం. చాలా పళ్లు పండేకొద్దీ వాటి పులుపు తగ్గిపోతుంది, చింతపండు ఆ పని చెయ్యదు. ఆమ్లం అలాగే ఉండిపోతుంది, దాని పక్కన చక్కెరలు పెరుగుతాయి. గుజ్జులో సుమారు 8 నుంచి 18 శాతం దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటే, చక్కెరలు అంతకంటే ఎక్కువే ఉంటాయి. అందుకే చింతపండు పులుపులో ఒక అడుగు తీపి, ఒక ముదురు రంగు, కాస్త చిక్కదనం ఉంటాయి. పైగా ఈ ఆమ్లం మంటకి ఎగిరిపోదు. గంటసేపు మరిగించినా పులుపు ఉన్నచోటే ఉంటుంది, పోయేది పచ్చివాసన. దప్పళం, చేపల పులుసు, బెండకాయ పులుసు లాంటి ఎక్కువసేపు మరిగే వంటలన్నీ చింతపండు మీదే ఎందుకు ఆధారపడ్డాయో ఇక్కడ అర్థమవుతుంది.

పులుసు పెట్టేవాళ్ల చేతిని గమనించండి. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చటి నీళ్లలో నానాక, వేళ్లతో పిసికి మొదట చిక్కటి రసం పక్కకి తీసి, మళ్లీ నీళ్లు పోసి పలచటి రసం తీస్తారు, నార, పొట్టు, దాక్కున్న ఒకటో రెండో గింజలు పిప్పితోపాటు పోతాయి. ముక్కలు ముందు ఆ పలచటి రసంలో ఉడుకుతాయి, చిక్కటిది తర్వాత పడుతుంది. ఎందుకంటే గట్టి పులుపులో కూరముక్క త్వరగా మెత్తబడదు, వంకాయగానీ ముల్లంగిగానీ పైన ఉడికినట్టు కనిపించి లోపల బిరుసుగా ఉండిపోతుంది. చివర్న బెల్లం ముక్క, కాస్త బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోయడం, ఇంగువ పోపు. వాసన మారి, పైన నూనె చుక్కలు తేలి, గరిటెకి పులుసు అంటుకుంటూ జారితే అయిపోయినట్టు.

ఇదే సూత్రం పప్పు దగ్గర ఇంకా కఠినంగా పనిచేస్తుంది. కందిపప్పు ఉడకాలంటే దాని కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ కరగాలి, పులుపు ఆ కరగడాన్ని అడ్డుకుంటుంది. 'నాలుగు విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉంది, కుక్కర్ పాడైందేమో' అని టెన్షన్ పడేవాళ్లలో సగం మంది గోంగూరో, పుల్ల మామిడికాయో, చింతపండో పప్పుతో కలిపి ఒకేసారి పెట్టేసినవాళ్లే. పప్పు ఉడికి, మెదిపాక పులుపు కలపండి, లేదా కుక్కర్‌లో రెండూ వేరు గిన్నెల్లో పెట్టండి. గ్యాస్ కంపెనీని, కందిపప్పు కొట్టువాడిని తిట్టుకోవడం తగ్గుతుంది.

కొన్ని చోట్ల పులుపు రుచి కోసం కాదు, పని కోసం వస్తుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటాం గానీ కందకి దురద ఉంది, గట్టిగానే ఉంది, దానిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గొంతులో గుచ్చుకుంటాయి. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో కందా బచ్చలి కూరకి చింతపండు పడటం, చామదుంపలు పులుసులోనే ఎక్కువగా కనిపించడం ఊరికే జరిగిన పనులు కావు, ఉడకబెట్టడం, పులుపు తగలడం కలిసి ఆ దురదని లొంగదీస్తాయి. బెండకాయ జిగురు కూడా పులుపుకే తగ్గుతుంది. అరటిపువ్వు, అరటికాయ తరిగినవి నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేస్తాం కదా, అదీ పులుపు చేసే పనే. కాకరకాయ సంగతి వేరు, అక్కడ చింతపండు, బెల్లం కలిసి చేదుని చంపవు, నోటికి ఓర్చుకోదగ్గదిగా మారుస్తాయి. చేదు పూర్తిగా పోవాలని ఉప్పు రాసి పిండి పిండి పారబోసేవాళ్లు కాకరకాయ బదులు సొరకాయ కొనుక్కుంటే డబ్బులు మిగులుతాయి.

నిమ్మకాయ దీనికి పూర్తిగా ఎదురు. దాని అందమంతా వాసనలో ఉంది, ఆ వాసన మంట తగిలితే పోతుంది, పైగా చేదు దిగుతుంది. అందుకే నిమ్మకాయ పులిహోరకి పోపు చల్లారాకే రసం పిండాలి. దబ్బకాయకీ ఇదే నియమం. మజ్జిగది ఇంకో రకం బెడద: ఉత్త పుల్ల మజ్జిగని స్టవ్ మీద పెట్టి మరిగిస్తే విరిగి నీళ్లు నీళ్లు, ముద్దలు ముద్దలు అవుతుంది. శనగపిండో, నానబెట్టి రుబ్బిన బియ్యం, శనగపప్పో కలిపితే ఆ పిండి మజ్జిగలోని ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డం పడుతుంది. కలిపాక కూడా సన్న సెగ మీద, కలుపుతూ, పొంగు రాబోతుండగా దించెయ్యాలి. మజ్జిగ పులుసు విరిగిందంటే తొంభై పాళ్లు మంట ఎక్కువైనట్టే.

గోంగూర గురించి రాయడం మొదలుపెడితే వ్యాసం దానికే సరిపోతుంది. తెలంగాణలో పుంటికూర, గుంటూరు వైపు గోంగూర, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ జాతి మొక్కనే నార కోసం గోగుగా పెంచుతారు. ఎర్ర కాడది పులుపు ఎక్కువ, తెల్ల కాడది (అది నిజానికి పచ్చగా ఉంటుంది) కొంచెం మెత్తన. నిల్వ పచ్చడికి ఎర్రదే కావాలని పట్టుబట్టేవాళ్లు ఎందుకు పట్టుబడతారంటే పులుపే దాని నిల్వకి సగం భరోసా. ఆకు కడిగి బట్ట మీద నీడలో ఆరబెట్టి, తడి మొత్తం పోయాకే నూనెలో వేస్తారు. మూకుడు నిండా పోసిన ఆకు గుప్పెడు ముద్దగా దగ్గరపడి, పచ్చదనం పోయి ముదురు రంగుకి తిరిగేదాకా మగ్గనివ్వాలి. వేయించిన ఎండుమిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి, ఉప్పుతో రోట్లో నూరితే ఆ జిగురు మిగతావాటిని పట్టుకుంటుంది. మాంసంతో గోంగూర కుదిరినంతగా ఇంకే ఆకూ కుదరదని నా అభిప్రాయం, కొవ్వు ఎక్కువున్న మేక మాంసానికి అంత పదునైన పులుపు కావాలి. ఎండురొయ్యలకి మాత్రం చింతచిగురు.

చింతచిగురు ఎండాకాలం మొదట్లో కొద్ది వారాలే దొరుకుతుంది, లేతగా ఎర్రటి ఛాయతో ఉంటుంది, ధర అడిగితే మాత్రం కొన్నిసార్లు మాంసమే నయం అనిపిస్తుంది. దాన్ని రెండు అరచేతుల మధ్య నలిపి, సన్నపుల్లలు ఏరి పారేసి వాడతారు. వానలు పడ్డాక వాక్కాయలు వస్తాయి, కార్తీకం నాటికి ఉసిరికాయలు, ఆ చలికాలంలోనే పచ్చి చింతకాయలు. చింతకాయల్ని ఉప్పు, పసుపు వేసి తొక్కి జాడీలో పెడితే ఏడాది కాదు, రెండేళ్లు దాటినా ఉంటుంది, నల్లబడి ఇంకా రుచి తేలుతుంది. పాత చింతకాయ పచ్చడి అని చులకనగా ఎందుకు అంటారో నాకు తెలియదు, తిన్నవాళ్లు అనరు. మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు, కొత్త బెల్లం, చైత్రానికి పిందె దాటిన మామిడికాయ, వేపపువ్వు. ఉగాది పచ్చడి గురించి జీవిత సత్యాలు చెప్పేముందు ఆ రోజు సంతలో కొత్తగా ఏమేం వచ్చి ఉంటాయో చూడండి, అందులో పడేవన్నీ అవే.

ఆవకాయ నిలవ ఉండేది నూనె వల్ల అని చాలామంది అనుకుంటారు. నూనె పైన గాలి తగలకుండా, బూజు పట్టకుండా కాపలా కాస్తుంది, అంతే. లోపల పని చేసేది ముక్క పులుపు, ఉప్పు, ఆవపిండి. ఉప్పు ముక్కలోంచి నీరు లాగుతుంది, పులుపు సూక్ష్మక్రిముల్ని ఎదగనివ్వదు, ఆవ ఘాటుకీ క్రిముల్ని అణిచే గుణం ఉంది. అందుకే తీపి తిరిగిన కాయతో పెట్టిన ఆవకాయ మెత్తబడి, పొంగి, పాడవుతుంది. కాయ గట్టిగా, బాగా పుల్లగా, పీచుతో ఉండాలి, లోపల టెంక ముదిరి ఉండాలి, ప్రతి ముక్కకీ ఆ టెంక అంటి ఉంటేనే ముక్క ఏడాదంతా ముక్కలా ఉంటుంది. మాగాయకి దారి వేరు. చెక్కు తీసి తరిగిన ముక్కల్ని ఉప్పులో ఊరబెట్టి, పిండి, ఎండబెట్టి, ఆ ఊటనీ ఎండలో పెట్టి మళ్లీ ముక్కల్ని అందులోనే వేస్తారు, పులుపుని గాఢం చేసి దాచుకోవడమన్నమాట.

ఇక ప్రాంతాల సంగతి, ఇక్కడే గొడవలు వస్తాయి. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పులుపు పక్కన బెల్లం ఉంటుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కనే ఉండగా బెల్లం వెయ్యకుండా ఎలా ఉంటారు? ఆవ నూరి పెట్టడమూ అక్కడి అలవాటే. గుంటూరు, కృష్ణా వైపు పులుసులో బెల్లం కాస్త తక్కువ, పచ్చడిలో పదును ఎక్కువ. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతోపాటు మామిడికాయ ముక్కలు పడతాయి, రెండు పులుపులు ఒకే కుండలో. రాయలసీమలో ఆకుకూరలన్నీ చింతపండుతో కలిపి ఉడికించి ఎనిపే పుల్లగూర రాగిసంగటి మీదికి వస్తుంది, మనం నిమ్మకాయ పులిహోర అనేదాన్ని వాళ్లు చిత్రాన్నం అంటారు. తెలంగాణ పచ్చిపులుసుది అన్నిటికంటే ధైర్యం, పొయ్యి మీద పెట్టే పనే లేదు. చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, కొత్తిమీర చేత్తో నలిపి, పోపు వేస్తే అయిపోయింది. పచ్చివాసన పోవాలని పైన రాశాను కదా, ఇక్కడ ఆ పచ్చివాసనే కావాలి.

హైదరాబాద్ ముస్లిం ఇళ్ల వంట చూస్తే నా వాదనకి ఇంకా బలం వస్తుంది. బిర్యానీ, హలీమ్ దగ్గర అందరూ ఆగిపోతారు గానీ వాళ్ల రోజువారీ తిండి ఖట్టీ దాల్, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, చింతచిగురుతో చుగుర్ గోష్త్, గోంగూరతో అంబాడా గోష్త్. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు కలిసిన తీరు చూస్తే మన గుత్తి వంకాయ చుట్టమేనని చెప్పకనే తెలుస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వంటలు దక్కన్‌లో స్థిరపడ్డాక ముందు నేర్చుకున్నది ఇక్కడి చింతచెట్టుని.

ఇంత పులుపు వాడే ఇంట్లో గిన్నెలూ దానికి తగ్గట్టే ఉంటాయి. ఇత్తడి, రాగి గిన్నెలో పులుసు పెడితే ఆమ్లం లోహాన్ని తింటుంది, చిలుము పడుతుంది, వాంతులవుతాయి. అందుకే లోపల తగరం పూత, కళాయి. కళాయి వేసేవాడు వీధిలో బొగ్గుల కొలిమి పెట్టుకుని, గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం అద్ది గుడ్డతో గిర్రున తిప్పితే నల్లటి గిన్నె అడుగు వెండిలా తేలేది. కళాయి పోయిన గిన్నెలో చారు పెట్టేవాళ్లు కారు. మరో దారి రాచ్చిప్ప, రాయి కాబట్టి పులుపు దాన్నేమీ చెయ్యలేదు, దించాక కూడా లోపల పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది. పచ్చళ్లకి పింగాణీ జాడీ, చేపల పులుసుకి మట్టికుండ. గోదావరికి వరదనీరు తగిలే రోజుల్లో సముద్రం నుంచి ఏటికి ఎదురీదే పులస కోసం పుస్తెలమ్మయినా తినాలంటారు, ఆ పులుసు పెట్టిన రోజు కంటే మర్నాడు బాగుంటుందనీ అంటారు. రెండో మాట నూటికి నూరు పాళ్లు నిజం, పులుపు, ఉప్పు ముక్క లోపలికి దిగడానికి ఒక రాత్రి కావాలి. ఆ రాత్రంతా అది ఏ గిన్నెలో ఉందన్నది అప్పుడు చాలా పెద్ద విషయం. అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఉంచేవాళ్లు ఈ పేరా మళ్లీ చదవండి.

టమాటా మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అదీ అమెరికా నుంచి వచ్చిందే, మిరప కంటే చాలా ఆలస్యంగా మన వంటింట్లోకి దూరింది, కానీ ఇప్పుడు ప్రతిదాంట్లో అదే. దాని పులుపు పలచన, దాంట్లో నీరెక్కువ. పప్పుచారుకి, పచ్చడికి బాగానే ఉంటుంది, కాదనను. చేపల పులుసులో చింతపండు తగ్గించి టమాటా గుజ్జు పోస్తే మాత్రం అది కూర అవుతుంది, పులుసు అవదు. హోటళ్లు ఎందుకు పోస్తాయంటే రంగు వస్తుంది, చిక్కదనం చౌకగా వస్తుంది, పులుపు తక్కువైన లోటు కనబడకుండా కారం దంచుతారు. 'ఆంధ్ర భోజనం మండిపోయింది' అని కళ్లనీళ్లు పెట్టుకున్న స్నేహితుడికి ఇదీ అసలు కారణమని చెప్పండి. పుల్లటి వంటలో కారం నోట్లో తిరిగి దిగిపోతుంది, పులుపు లేని చోట అది ఒక్కటే నాలుక మీద కూర్చుంటుంది.

చింతపండు తింటే కీళ్లు పట్టేస్తాయని, రక్తం విరిగిపోతుందని పెద్దవాళ్లు భయపెడుతుంటారు. కానీ ఎముకల్ని, కీళ్లని దెబ్బతీసే ఫ్లోరైడ్ నీళ్ల బెడద ఉన్న ప్రాంతాల్లో చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. అలాగని దాన్ని మందుగా మింగమని కాదు. జాగ్రత్త పడాల్సింది చుక్కకూర లాంటి ఆక్సలేట్ ఎక్కువున్న ఆకుల దగ్గర, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకి డాక్టర్లే తగ్గించమని చెబుతారు.

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉండి డబ్బాలో వచ్చే నల్లటి చింతపండు పేస్టుతో పులుసు పెట్టి, అమ్మ చేసినట్టు రాలేదని బాధపడేవాళ్లకి రెండు మాటలు. అది బాగా మరిగించి దగ్గర చేసిన సరుకు, అందుకే రంగు అంత నలుపు, కొత్త చింతపండులో ఉండే పండు వాసన అందులో దాదాపు ఉండదు. అది చారుకి వద్దు, దప్పళానికీ పులిహోరకీ ఫర్వాలేదు, చెంచా కొలతతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పొయ్యండి. వీలైతే గింజ తీసిన చింతపండు దిమ్మ కొనుక్కుని నానబెట్టుకోండి. ఫ్రీజర్‌లో దొరికే గోంగూరతో పచ్చడి చేస్తే నీళ్లు ఓడుతుంది, పప్పుకీ మటన్‌కీ మాత్రం బాగానే పనికొస్తుంది. ఇవన్నీ చూసుకున్నా పులుసు మరీ పుల్లగా వచ్చిందా, నీళ్లు పోసి కలిపెయ్యకండి, అప్పుడు పులుపుతోపాటు అన్నీ పలచబడతాయి. ముందు ఉప్పు చూడండి, తర్వాత బెల్లం, అప్పటికీ లొంగకపోతే ఉడికించిన కందిపప్పు ఒక గరిటె మెదిపి కలిపి, ఎవరైనా అడిగితే పప్పుచారు అని చెప్పండి.